మూడో కిటికీ కింద

నాయనా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇంట్లో ఉండబుద్ధి కాక, నా స్నేహితురాలు సెల్వితో, వాళ్ల అన్నతో కలిసి మూతపడిన మీ మిల్లు చూడ్డానికి వెళ్లాను. నీతో పనిచేసిన ముసలాయనే ఇప్పుడక్కడ కాపలా. లోపల పాములున్నాయని మమ్మల్ని ఆపేశాడు. సెల్వి వాళ్ల అన్న గేటు బయటి నుంచే డ్రోన్ ఎగరేశాడు. తెర మీద కప్పు కూలిన షెడ్డు, నేలంతా ముళ్లకంప.

“మీ నాయన యాడ పని చేస్తా ఉండె?” అంది సెల్వి.

నాకు తెలియదు. ఈ గేటు దాకా ఎన్నేళ్లు నీకు క్యారియర్ తెచ్చానో, ఒక్కసారీ అడగలేదు.

ముసలాయన తెర మీదికి వంగాడు. “అదో, మూడో కిటికీ కింద, పాపా. నిలబడి నిలబడి కాళ్లు వాస్తా ఉండె. ఇంట్లో చెప్పొద్దనె.”

నేను గోడకు ఆనుకున్నాను. బ్యాటరీ అయిపోయేదాకా డ్రోన్‌ను అక్కడే ఉంచమన్నాను.