మీట మూసిన చేయి

మిన్నెసోటా రాష్ట్రం, కార్ల్‌టన్ కౌంటీ కాపురస్తుడు, హాల్వర్ సాండ్విక్ కొడుకు ఆర్విల్ సాండ్విక్, వయస్సు ఎనభై మూడు, తన చేతితో రాసుకున్న వీలునామా. బుద్ధి స్థిరంగానే ఉంది. ఎవరి బలవంతమూ లేదు. ఎనిమిదో తరగతి చదువు నాది. అక్షరం దిద్దవచ్చు, మాట మార్చరాదు.

1. ఇల్లు, పడవ, గడ్డకట్టిన చెరువు మీద చేపలు పట్టుకునే గుడిసె నా చెల్లెలి కూతురు మారిట్‌కు సర్వహక్కులతో చెందవలెను. ఈ వీలునామా అమలు జరిపేదీ ఆమే. గుడిసె పొయ్యి పొగ చిమ్ముతుంది, తలుపు ఓరగా ఉంచుకో అమ్మా.

2. తమ్ముడు లెస్టర్‌కు నా ఉన్ని కోటు. డాక్టరుకు ఎదురెళ్లి చెడ్డానని ముప్పై ఏళ్లు నవ్వాడు. ఇకమీదట వెచ్చగా నవ్వుకోవచ్చు.

3. ఆసుపత్రిలో పదకొండేళ్లు మత్తుమందు యంత్రాలు నింపాను. నింపేవాడు మందు వదిలే మీట తిప్పకూడదు, అది అక్కడి కట్టడి. 1979 ఫిబ్రవరిలో అయోన్ బక్కె అనే ఆమె గుండెకు ఆపరేషన్ చేశారు. పని ముగిసి, గుండెకు బదులు నడిచే యంత్రాన్ని ఆపారు. పీల్చే మత్తు గుండె బలాన్ని తగ్గిస్తుంది, రక్తపోటును దించుతుంది. ఆ వేళకు దాన్ని తగ్గించాలి. మత్తు డాక్టరు ప్రెస్కాట్ మరిచాడు. పోటు డెబ్బై, యాభై, నలభై. అందరూ గుండెనే చూస్తున్నారు. నేను మీట చూశాను.

“డాక్టరుగారూ, మందు ఇంకా నడుస్తోంది” అన్నాను.

“పాలు పిండుకునే చేతులయ్యా నీవి. పోయి గోడ దగ్గర నిలబడు” అన్నాడు.

నిలబడలేదు. మూసేశాను. కాసేపటికి పోటు తొంభైకి వచ్చింది. నన్ను బట్టలుతికే గదికి పంపారు. నేను మీట ముట్టినందుకే పోటు పడిందని కాగితంలో రాశారు.

4. దిద్దమని ఏటా ఉత్తరం రాశాను. నిరుడు ఆసుపత్రివాళ్లు వచ్చి, ఆ కాగితం నిజమేనని సంతకం పెడితే పాత ఉద్యోగుల ఫలకం మీద నా పేరు చెక్కిస్తామన్నారు. పెట్టలేదు. నా తదనంతరం నా తరఫున ఎవరు పెట్టినా వారి భాగం రద్దు.

5. అయోన్ మరో ఇరవై ఏడేళ్లు బతికింది. ఆమెకు ఎవరు చెప్పారో, ప్రతి క్రిస్మస్‌కూ నాకు బంగాళాదుంప రొట్టెలు పంపేది, చీటీ ఉండేది కాదు. నేనూ రాయలేదు. మందు ఎంత పెంచితే పోటు ఎంత పడిందో నేను రాసుకున్న నోటుపుస్తకం ఆమె కూతురు కారెన్‌కు. ఆ రోజు పేజీ చింపరాదు.

6. సమాధి రాయి మీద పేరు, కింద “మీట నేనే మూశాను” అని ఉండవలెను. ఆసుపత్రివాళ్లు పూలు పంపితే గోడ దగ్గర నిలబెట్టండి.

2011 మార్చి 4
(సంతకం) ఆర్విల్ సాండ్విక్

సాక్షులు:
1. క్లారెన్స్ ఓయెన్, పొరుగువాడు.
2. బర్నిస్ హోల్మ్, ఆనాటి ఆపరేషన్ గది నర్సు. ఈ సంతకం పెట్టడం చూశాను. ఆ మీట మూయడమూ చూశాను.