గేటు దగ్గర నాయన

కువైట్‌లో ఉన్న అమ్మకు, ఏర్పేడు నుంచి నీ కొడుకు మునిచంద్ర దండాలు పెట్టి రాసేది. ఇక్కడ నేను, నాయన, గొడ్లు అందరం బాగున్నాము. అక్కడ నువ్వూ, నువ్వు వండిపెట్టే ఆ ఇంటివాళ్లూ బాగున్నారని తలుస్తాను.

ఫోనుండగా ఈ కాగితమేమిటని అనుకోకు. నీ ఫోను వస్తే నాయన స్పీకరు పెట్టి పక్కనే కూర్చుంటాడు కదా. నాయుడుపేట బైకు రేసులో నేనెందుకు పడ్డానో ఆయనకు తెలియకూడదు. శకుంతలమ్మ అత్త మళ్లీ కువైట్‌కే వస్తోంది కాబట్టి ఆమె చేతికిస్తున్నాను.

పోయినసారి ఆమె తెచ్చిన ఉత్తరంలో బర్రె ఈనిందా అని అడిగావు. ఈనింది, పెయ్యదూడ. నాయన బీపీ మాత్రలు వేసుకుంటున్నాడా అంటే, నేను గుడ్లురిమి చూస్తే వేసుకుంటాడు. ఇక బండి కదలకముందే ఎట్లా పడ్డావని అడిగావు. అది కొంచెం వివరంగా చెప్పాలి.

ఈ మట్టి రేసులో మొదటి మలుపు దగ్గరే సగం తేలిపోతుందమ్మా. ముందు దూరినవాడికి దారి కనిపిస్తుంది, మిగతావాళ్లు దుమ్ము తింటారు. అందుకే వెనక చక్రం నిలిచే చోట మెత్తటి మట్టిని ముందే కాలితో తొక్కి గట్టి చేసుకుంటాను. సీటు మీద ముందుకు జరిగి, మోచేతులు ఎత్తి, ఛాతీ హ్యాండిల్ మీదికి వంచుతాను. లేకపోతే ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. రెండో గేరులో పెట్టి, ఎడమచేతి రెండు వేళ్లతో క్లచ్‌ని బండి కదలబోయేంత వరకు వదిలి పట్టుకుంటాను. పక్కవాణ్ణి చూడకూడదు, జనాన్ని చూడకూడదు. ముందున్న ఇనుప గేటునే చూడాలి. అది కిందికి పడితేనే రేసు మొదలు, పడటం మొదలవగానే క్లచ్‌ని జారనిస్తూ వదలాలి.

ఆరోజు అన్నీ అట్లాగే చేశాను. పైగా నాయన వచ్చాడు. ఇన్నేళ్లూ రేసు మాటెత్తితే అన్నం ముందు నుంచి లేచిపోయే మనిషి, అలిపిరిలో మొక్కుకొని, ఇస్త్రీ చొక్కా వేసుకొని వచ్చాడు. గేటు దగ్గర నా వెనక నిలబడి వీపు తట్టాడు. నాకు ఏడుపొచ్చింది. హెల్మెట్ ఉంది కాబట్టి ఎవరూ చూడలేదు.

గేటు పడింది. నేను గట్టి చేసుకున్న మట్టి మీదే వెనక చక్రం పక్కకు జారిపోయింది. బండి నా మీద పడింది, పక్కవాడి చక్రం నా ఎడమచేతి మీదుగా పోయింది.

చెయ్యి బాగైందని ఫోనులో నేను చెప్పింది అబద్ధం. చూపుడువేలు, మధ్యవేలు ముడుచుకోవడం లేదు. నరం దెబ్బతిన్నదట. తిరిగి పనిచేస్తే చేయొచ్చు, లేకపోతే లేదని తిరుపతి డాక్టరు అన్నాడు. క్లచ్ పట్టేది ఆ రెండు వేళ్లతోనే.

బండి ఇంటికొచ్చాక ఒంటిచేత్తో కడుగుతుంటే వెనక టైరు గుబ్బల మధ్య నిమ్మకాయ తొక్క కనిపించింది. కొత్త బండికి పూజ చేసి చక్రంతో తొక్కిస్తామే, అట్లా. నేను గేటునే చూస్తున్నప్పుడు నాయన వంగి వెనక చక్రం ముందు పెట్టినట్టున్నాడు. ఆ తొక్కలన్నీ ఏరి పేడదిబ్బలో పూడ్చేశాను.

చక్రం జారింది ఆ నిమ్మకాయ మీదేనని చెబితే ఆయన తట్టుకోలేడు. చెప్పకుండా ఉందామనే అనుకున్నాను. నిన్న పొద్దున నా వేళ్లకు నూనె రుద్దుతూ ఆయనే ఆ మాట తీశాడు.

“తప్పు నాదేరా సంద్రా. ఆ పొద్దు తొందరలో ఎనక చక్రానికే నిమ్మకాయ పెట్టినా. ముందు చక్రానికి మర్సిపోయినా. అందుకే నీకిట్ల అయింది. ఈ తూరి రెండిటికీ పెడతా, సూడు” అన్నాడు.

సరే నాయనా అన్నాను. నా వేళ్లు బాగుపడాలని మొక్కుకో అమ్మా. బాగుపడితే ఆయన మళ్లీ గేటు దగ్గరికి వస్తాడు. వద్దంటే ఎందుకని అడుగుతాడు.

ఇట్లు,
నీ కొడుకు
చంద్ర