సగం తెగిన అడ్రస్

రఫీ భాయ్,

"ముట్టుకోవద్దు" అని మీరు రాసిపెట్టిన డ్రైవర్ కోడ్‌ను ముట్టుకున్న ఈ మహాపాపిని క్షమించండి. మీరు కన్నుమూసిన ఏడాదికి, చేపల చెరువుల్లో ఆక్సిజన్ కొలిచే మన పెట్టెకు కొత్త బోర్డు వచ్చింది. అందులో పెట్టెను నడిపే మీ డ్రైవర్ ప్రోగ్రామ్ కుప్పకూలింది. మెమరీ అడ్రస్‌ను మీరు ఇంట్ అనే చిన్న డబ్బాలో దాచేవారు. పాత బోర్డులో పట్టేది, ఇందులో సగం తెగిపోతోంది. గవర్నర్‌పేట అడ్రస్‌ను సగానికి చించి ఆటో అతనికిచ్చినట్టు!

ఇంట్ తీసి అన్‌సైన్డ్ లాంగ్ అనే పెద్ద డబ్బా పెట్టాను, అంతే. నిన్న కైకలూరులో ఆక్సిజన్ పడిపోగానే అలారం మోగింది, చేపలు బతికాయి.

మన మేనేజర్ సార్ మెచ్చుకుని, "కోడ్ చివర ఆయన పేరెందుకింకా? నీది పెట్టెయ్" అన్నారు.

భాయ్, నేను నిజంగా చేసిన నేరం ఒక్కటే. "ఆ పేరు తీస్తే డ్రైవర్ లోడవదండీ" అని పచ్చి అబద్ధం చెప్పాను. నమ్మేశారు.