కర్టెన్ రాడ్డు కత్తెర

చిరంజీవి బావమరిదికి ఆశీస్సులు.

చెల్లెమ్మ కాలి కట్టు విప్పారా? తను లేచి తిరిగేదాకా మీ అక్కని సాయంగా అక్కడే ఉంచుకో. నాకిక్కడ తలకు మించిన పని ఉంది. మా జామచెట్టు కొమ్మ ఒకటి వంటింటి కిటికీకి అడ్డంగా పెరిగింది. తను తిరిగొచ్చేలోపు అది కత్తిరించకపోతే చెట్టు మొత్తం కొట్టించేస్తానని మీ అక్క తెగేసి చెప్పి వెళ్ళింది. అన్నంత పనీ చేస్తుంది.

కొమ్మలు కత్తిరించే సాధనం ఇంట్లో సామాన్లతోనే తయారు చేస్తున్నాను. వంటింటి కిటికీ కర్టెన్ రాడ్డు పీకి, మీ అక్క కుట్టుపనికి పనికిరాదని పారేసిన పాత కత్తెర దాని చివర బిగించాను. కత్తెర మూయడానికి సైకిల్ బ్రేకు తీగ. పట్టుకోవడానికి కుక్కర్ పిడి. రాడ్డు సంగతి, పిడి సంగతి మీ అక్క చెవిన పడనీయకు. ఫోను చేస్తే పక్కనుండి వింటుందనే ఈ ఉత్తరం.

మీ బావ

తా.క.: కుక్కర్ మూత పటకారుతో తీస్తున్నాను. అన్నం మామూలుగానే ఉడుకుతోంది.

బావగారికి నమస్కారాలు.

మా ఆవిడ కట్టు విప్పడానికి ఇంకా టైముందట. రాడ్డు మాట, పిడి మాట నేనెత్తలేదు. "బావగారు కత్తెర పట్టుకుని చెట్టు పనిలో పడ్డారక్కా" అన్నాను, అంతే. అక్క మొహం వెలిగిపోయింది. "పోన్లే, నేను చెప్పకుండానే ఆయన కంటబడిందన్నమాట! మొహమాటపడకుండా వాడుకోమను" అంది. ఇంత తేలిగ్గా తీసుకుంటుందని నేననుకోలేదు.

మీ బావమరిది

తా.క.: స్ప్రింగు బాగా పనిచేస్తోందా అని అడగమంది.

చిరంజీవి బావమరిదికి,

నీ ఉత్తరం చదివి కుర్చీలో కూలబడ్డాను. నా కత్తెర మూసుకుంటే మళ్ళీ తెరుచుకోవడం లేదు. స్ప్రింగు లేక జుట్టు పీక్కుంటున్నాను. ఆ మాట నేనెవరికీ చెప్పలేదు. అంత దూరాన కూర్చుని ఎలా కనిపెట్టిందయ్యా! ఇన్నేళ్ళు కాపురం చేసి కూడా ఈవిణ్ణి తక్కువ అంచనా వేశాను.

ఇల్లంతా గాలిస్తే మంచం కింద రంగు కాగితం చుట్టిన పెట్టె దొరికింది. అందులో ఎర్ర పిడుల వస్తువేదో ఉంది, వంటింటిదే అయ్యుంటుంది. స్ప్రింగు మాత్రం దివ్యంగా ఉంది. ఊడదీసి బిగించాను. వాడుకోమంది కదా అని మాపు కర్రా, గొడుగు ఊచలూ కూడా వాడేశాను.

మీ బావ

తా.క.: మిగిలిన ఎర్ర పిడులు పాత సామాన్లవాడికిచ్చేశాను. ఇంత కొత్త వస్తువు ఎందుకిచ్చేస్తున్నారని అడిగాడు. స్ప్రింగు లేదన్నాను.

బావగారికి, కంగారుగా రాస్తున్నాను.

అక్క సంతోషంగా ఉంది కదా అని మీ ఉత్తరం పైకి చదివి వినిపించాను. రంగు కాగితం దగ్గర ఆపేయాల్సింది. అది కొమ్మలు కత్తిరించే కత్తెరట. మీరు రిటైరైన రోజు ఇద్దామని అక్క కొని, తీరా ఇవ్వడానికి సిగ్గుపడి మంచం కింద పెట్టిందట. మీరు దానితోనే పనిచేస్తున్నారనుకుంది. కాసేపు ఏడ్చింది. తరవాత గొడ్డలివాడి అడ్రసు కనుక్కుని బస్సెక్కింది.

మీ బావమరిది

తా.క.: ఈ ఉత్తరం కంటే అక్కే ముందొస్తుంది.

తమ్ముడికి అక్క దీవెనలు.

గొడ్డలివాణ్ణి వెంటబెట్టుకునే ఇంటికొచ్చాను. మీ బావ ఆ రాడ్డు పట్టుకుని చెట్టు కింద నిలబడి ఉన్నారు. కొమ్మ వైపు చూస్తే ఒక్క ఆకు కూడా తెగలేదు. రాడ్డు లాక్కుని ఒక ఎండుపుల్ల మీద పెట్టి నొక్కాను. టక్కున తెగింది. "మరి ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు?" అన్నాను. "చేతులు రావడం లేదే. కాయలన్నీ ఆ కొమ్మకే ఉన్నాయి" అన్నారు. కొయ్యాల్సిన రోజు రాకూడదనే ఆయన సాధనం చేస్తూ కూర్చున్నారని అప్పుడర్థమైంది. కోపమంతా ఎటుపోయిందో తెలీదు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

గొడ్డలివాడికి మంచినీళ్ళిచ్చి పంపేశాను. కొమ్మ ఉండనీ. రాడ్డు లేదు కనక కిటికీకి కర్టెన్ లేదు. ఎదురింటివాళ్ళకి మా వంటిల్లు కనబడకుండా ఇప్పుడు ఆ కొమ్మే అడ్డం.

మీ అక్క

తా.క.: పాత సామాన్లవాడు ఎర్ర పిడుల కత్తెర తిరిగి తెచ్చాడు, స్ప్రింగు వేసిస్తారా అని. మీ బావ సంబరంగా ఒప్పుకున్నారు. ఇందాకట్నుంచి నా కుట్టుమిషన్ చుట్టూ తిరుగుతున్నారు.