తడి ఇసుక కుండ

ఏమండీ,

మాత్రలు మార్చి మార్చి చూసి, ఇక లాభం లేదని గుడివాడ డాక్టరుగారు ఈరోజు నన్ను కూడా మీలాగే ఇన్సులిన్‌కి మార్చారు. అమ్మాయి సీసాని ఫ్రిజ్‌లో పెట్టబోయింది.

"కరెంటు పోతేనో?" అన్నాను.

"నీ భయాలకి అంతుండదే అమ్మా!" అని నవ్వింది.

ఫ్రిజ్ లేని రోజుల్లో మీ సీసా దాచిన మట్టికుండ దించి, ఇసుక పోసి తడిపి, అందులోనే పెట్టాను. ఆరిందేమోనని అప్పుడే రెండుసార్లు తడిమి చూశాను.

మీరు పొట్టలో సూది పొడుచుకుంటుంటే నేను మొహం తిప్పుకునేదాన్ని. "చీమ కుట్టినట్టుంటదే, పిరికిదానా! ఇటు చూడు" అనేవారు.

రేపు పొద్దున నా పొట్టలో నేనే పొడుచుకోవాలి. చెయ్యి వణికితే ఏమవుతుందో! అమ్మాయి పక్కనే ఉంటానంటోంది. నాకేమో పిరికిదానా అని మీరు ఒక్కసారి పిలిస్తే చాలనిపిస్తోంది.