అక్కా, నువ్వు తాగిన కొబ్బరినీళ్ళు

అక్కా,

బాగున్నావనే అనుకుంటాను. నువ్వు పోయి ఈ వానలకు ఆరేళ్ళు. ఇన్నాళ్ళూ నీకు రాయాలనిపించలేదు. ఇప్పుడు కూడా బెంగ పెట్టుకుని రాయడం లేదు. ఒక సంగతి తెలిసింది. అది నీతో తప్ప ఇంకెవరితోనూ తేల్చుకునేది కాదు... అందుకని.

ముందు ఊరి కబుర్లు. ఈ దీవిలో మన ప్రోతరాపూర్ అలాగే ఉంది. బస్సులు పెరిగాయి, కూర్చునే చోటు మాత్రం పెరగలేదు. మన చెక్క ఇల్లు తీసేసి సిమెంటు గోడలు కట్టించాం. నా పుస్తకాలు సగం చెదలకు, సగం చెమ్మకు పోయాయి. నువ్వుంటే సంతోషించేదానివి. "పోన్లేరా, చెదలన్నా బాగా చదివాయి" అనేదానివి.

అసలు విషయం ఇది. మన మార్తా కూతురు రూతుకు ఆడపిల్ల పుట్టింది. మార్తా నా కూతురే. అయినా 'మన మార్తా' అనే వస్తోంది, అలవాటు. నువ్వెప్పుడూ దాన్ని "నా పిల్ల" అనేదానివి కదా... ఎందుకన్నావో నీకూ తెలుసు, నాకూ తెలుసు. అక్కడికే వస్తాను.

భర్త పోయాక మార్తా నా దగ్గరే ఉంటోంది. రూతు మొగుడు వండూర్ జెట్టీ నుంచి పడవ నడుపుతాడు. తొలి కాన్పు పుట్టింట్లోనే కావాలని మార్తా కూతుర్ని ముందుగానే తెచ్చుకుంది. కాన్పు ఆసుపత్రిలో సవ్యంగా జరిగింది. ఇంటికి తీసుకొచ్చిన గంట నుంచీ నీ రాజ్యం మొదలైంది.

చెవుల్లో దూది. నడుముకు పాత చీర బిగించి కట్టు. తలుపులు మూసి సాంబ్రాణి పొగ. వెల్లుల్లి కారంతో పొడి అన్నం. నీళ్ళ బిందె గదిలోంచి వంటింట్లోకి పోయింది. పూటకు అర గ్లాసు వాము కాచిన నీళ్ళు, అంతే. బయట చూస్తే ఏప్రిల్ ఉక్క, గోడలకే చెమట పడుతోంది. ఆసుపత్రిలో నీళ్ళు బాగా తాగమన్నారు కదా అన్నాను. మార్తా నన్ను చూసిన చూపు అచ్చం నీదే.

"వాళ్ళకేం నాన్నా, చెప్పి పంపించేస్తారు. రేప్పొద్దున వాతం కమ్మితే మోసేది మనం. అత్త ఉంటే ఇంతకన్నా గట్టిగా చూసేది."

నిజమే. ఇంకా గట్టిగా చూసేదానివి.

రెండో వారానికి పసిదాని ఏడుపు మొదలైంది. రొమ్ము పట్టేది, రెండు చప్పరింపులు చప్పరించి వదిలేసి ఏడ్చేది. రూతు పెదాలు పగిలిపోయాయి. తల్లీ బిడ్డా ఇద్దరూ వాడిపోతున్నారు. మార్తా గుమ్మంలో నిలబడి అంది, "దీని పాలు మంచివి కావేమో నాన్నా... డబ్బా పాలు మొదలెట్టేద్దామా?"

అక్కా, ఆ మాట నేను మన పాత చెక్క ఇంట్లో ఒకసారి విన్నాను. అన్నది నువ్వు.

మార్తా పుట్టినప్పటి సంగతి నీకు గుర్తుందా? నీ మూడోవాడు పుట్టి నెల కూడా కాలేదు. పచ్చి బాలింతవై ఉండి కూడా నా దీనమ్మకు పథ్యం నువ్వే పెట్టావు. దీనమ్మ అడిగేది, వదినా కొంచెం నీళ్ళు, అని. "పొట్ట జారిపోద్ది. బిడ్డకి పడిశం పడతాది. ఓర్చుకో" అనేదానివి. నేను అబర్డీన్ బజార్ వెళ్ళి, బాలింతల ఆరోగ్యం మీద దొరికిన పుస్తకం కొనుక్కొచ్చి నీకు చదివి వినిపించాను. మొత్తం విన్నావు. విని, ఒక్కటే అడిగావు.

"పుస్తకం ఎప్పుడైనా కన్నదేటిరా?"

పెరట్లో ఉన్న ఆడవాళ్ళందరూ నవ్వారు. దీనమ్మ కూడా నవ్వింది, పాపం, ఎండిపోయిన నోటితోనే.

తర్వాత పాలు ఇంకిపోయాయి. నువ్వు మార్తాను ఒళ్ళోకి తీసుకుని నీ పాలిచ్చావు. ఒక పక్క నీ కొడుకు, ఒక పక్క నా కూతురు. ఊరంతా వచ్చి చూసింది. అమ్మంటే నువ్వే అన్నారు. అప్పట్నుంచే కదా ఊళ్ళో ప్రతి పురిటికీ నీ మాట శాసనమైంది? దీనమ్మ గోడవైపు తిరిగి పడుకునేది. ఆవిడ సంగతి ఎవరూ అడగలేదు... నువ్వు అడిగావా?

మాకు రెండోవాడు పుడితే దీనమ్మ మొదటి రోజు నుంచే డబ్బా పాలు పట్టింది. రొమ్ము పట్టించి చూడనైనా లేదు. "మంచి పని చేశావు" అన్నావు నువ్వు. ఆ తర్వాత జీవితమంతా పిల్లలకు చిన్న జ్వరం వచ్చినా అదే మాట, నా పాలు మంచివి కావండీ అని. చనిపోయే ముందు కూడా అదే నమ్మకంతో పోయింది. తన ఒంటి మీద తనకు నమ్మకం లేకుండానే పోయింది అక్కా.

చిన్నప్పుడు అమ్మ పోతే, కొత్త పెళ్ళికూతురివై ఉండి కూడా నన్ను వదలకుండా ఓడలో వెంటబెట్టుకుని ఈ దీవికి తెచ్చావు. పెంచావు. అది కాదనను. దాని పక్కన దీన్ని పెడుతున్నానంతే.

సరే, రూతు దగ్గరకు వస్తాను.

ఆదివారం ఆరాధన అయ్యాక సంఘం ఆడవాళ్ళు పసిదాన్ని చూసి ప్రార్థన చేయడానికి వచ్చారు. గది నిండా కూర్చున్నారు. నీ గొప్పలే చెప్పుకున్నారు. మధ్యలో రూతు లేచింది. నడుం పట్టుకుని మెల్లగా వంటింట్లోకి నడిచి, బిందె మూత తీసి, గ్లాసు ముంచుకుని తాగింది. మళ్ళీ ముంచుకుంది. గుమ్మంలోంచి అందరికీ కనబడుతూనే ఉంది.

"అరె బేటీ, బాలింతవి! చల్లటి నీళ్ళు తాగుతావేటి? ఛోడ్ దో, వదిలెయ్!" అని పెద్దావిడ ఒకరు కేకేశారు.

"చెవుల్లో దూది ఉందాంటీ. ఏం వినబడట్లే" అని మూడో గ్లాసు ముంచుకుంది.

ఒకరిద్దరు పమిట అడ్డం పెట్టుకుని నవ్వారు. మార్తా మొహం నల్లబడిపోయింది. వాళ్ళు తొందరగా ప్రార్థన ముగించి వెళ్ళిపోయారు. నీ రాజ్యం మీద మొదటి తిరుగుబాటు చూడటానికి నేను ఇంతకాలం బతికి ఉండాల్సి వచ్చింది.

నాకు హుషారు వచ్చింది. చెమ్మ పట్టినా చెదలు వదిలేసిన పుస్తకం ఒకటి తీసుకుని వెళ్ళాను, ఇదిగో ఇందులో కూడా ఇలాగే ఉందని. రూతు చెయ్యి అడ్డం పెట్టింది.

"బస్ తాతా, చాలు, ఇప్పుడు నువ్వు మొదలెట్టకు. పుస్తకం చెప్పిందని తాగలే. దాహమేసి తాగాను."

ఈ దెబ్బ నీతోపాటు నాకూ తగిలింది. ఒప్పుకుంటున్నాను. నీ పద్ధతులన్నీ పారేయలేదు కూడా. నూనె మర్దనా కావాలంది, ఒంటికి హాయిగా ఉందట. సాంబ్రాణి ఉంచమంది. దూది తీసి పారేసింది. ఏది ఉంచాలో, ఏది తీయాలో ఎవర్నీ అడగలేదు.

నాలుగైదు రోజుల్లో పసిది కడుపు నిండా తాగి పడుకోవడం మొదలుపెట్టింది. అది పడుకుంటే రూతు పడుకుంది. రూతు పడుకుంటే మార్తాకు తలనొప్పి తగ్గింది. మార్తాకు తగ్గితే నాకు వేళకు కాఫీ వచ్చింది. కుటుంబ ఆరోగ్యం గురించి నేను చదివినదంతా ఇంతే. కాకపోతే వాళ్ళు లావుపాటి పుస్తకాలు రాశారు.

ఇక నాకు తెలిసిన సంగతి.

పోయిన వారం మార్తా బియ్యం ఏరుతూ, తలెత్తకుండా చెప్పింది. "అత్త కూడా తాగేదంట నాన్నా. పోయే ముందు నాతో చెప్పింది. ఎవరికీ చెప్పకంది."

నువ్వేమన్నావో కూడా చెప్పింది. "కొబ్బరినీళ్ళు తాగేదాన్నే మార్తా. గంజి తాగేదాన్ని. మా అత్త చూస్తే చంపేస్తాదని పెరటెనక్కెళ్ళి తాగేదాన్ని. దాహమేస్తే తాగకండా ఎలగుంటాం?"

ఎలా ఉంటాం అక్కా? ఆ ప్రశ్న దీనమ్మ మంచం దగ్గర నీకు రాలేదా? ఒక పక్క దానికి ఓర్చుకోమని చెప్పి, పెరటెనక్కి వెళ్ళి బోండాం ఎత్తి తాగి వచ్చావా? మళ్ళీ వచ్చి దాని బిడ్డకు పాలిచ్చావా? నాకైతే ఊహకు అందడం లేదు. మొదట్లో మీ అత్తగారి భయం, సరే. ఆవిడ పోయాక? అప్పటికి ఊరు నిన్ను నమ్ముకుంది కాబట్టి మాట తిప్పుకోలేకపోయావా... లేక మిగతా ఆడవాళ్ళ ఒళ్ళు నీ ఒళ్ళులాంటిది కాదనుకున్నావా?

మార్తాను అడిగాను. ఇదంతా తెలిసి కూడా నీ కూతుర్ని ఎందుకు ఎండబెట్టావు అని. "అత్త గట్టి మనిషి నాన్నా, తాగినా తట్టుకుంది. నా పిల్ల తట్టుకోలేదేమో అనిపించింది" అంది.

నీ ఒంటిని నమ్మింది, కన్నబిడ్డ ఒంటిని నమ్మలేదు. నీ పెంపకం.

తిట్టడానికి కూర్చుని, తిట్టే ఓపిక లేక ఆపుతున్నాను. నువ్వు చేయాల్సిన పని ఒకటుంది. పాస్టరుగారు చెప్పేది నిజమైతే మీరిద్దరూ ఒకే చోట ఉన్నారు. దీనమ్మ దగ్గరకు వెళ్ళు. మిగతా కబుర్లు తర్వాత. ముందు నువ్వు తాగావని చెప్పు. దాని పాలలో ఏ లోపమూ లేదని, అది దాహమేనని చెప్పు. నేను చెబితే నమ్మదు, ఈయన ఎక్కడో చదివి ఉంటాడులే అనుకుంటుంది. నీ మాటైతే వింటుంది. ఎప్పుడూ నీ మాటే విన్నది.

నాకు కూడా ఇంకెంతో దూరం లేదు. వచ్చీ రాగానే నిన్ను పలకరించను. ముందు దీనమ్మను అడుగుతాను, అక్క చెప్పిందా అని.

నీ తమ్ముడు,
యోహాను