బిగించినోళ్ళే నడపాలె

12 ఏప్రిల్ 2025, బోధన్

ఈరోజు బరాత్ గిరాకీ లేదు. పెళ్ళిళ్ళకు బాపు నడిపే పాత కారు తుడిచాను. మేరీ, గా మడ్‌గార్డు ఎనక దుమ్ము కనబడ్తలేదా అని బాపు అరుగు మీంచి అరిచాడు. డ్రైవింగ్ నేర్పింది ఆయనే. ఒక్కసారైనా మెచ్చుకున్న పాపాన పోలేదు.

19 ఏప్రిల్

ఎడపల్లి పెళ్ళికొడుకును ఎక్కించుకోవాలి. ఈ కారు చక్రానికి ఒకటే పెద్ద నట్టు, నడిమధ్యలో, రెండు చెవులతో. ట్రిప్పుకు ముందు బాపు రాగి సుత్తితో ఆ చెవి మీద కొట్టి బిగిస్తాడు, చక్రం తిరిగే దిక్కుకు ఎదురుగా. అందుకే కుడివైపు నట్లు రివర్స్ థ్రెడ్, ఎడమకు తిప్పితేనే బిగుస్తాయి. లేకపోతే పోతుండగానే వదులై, చక్రం మనకన్నా ముందు పోతుంది.

ఈరోజు కుడివైపు ముందు నట్టును ఉల్టా కొట్టాడు. వదులు చేస్తూ, బిగిసింది, ఇగ పోదాం అన్నాడు.

అమ్మ పోయినరోజు కూడా నాకు ఇంత భయం వేయలేదు. బ్యాటరీ డౌన్ అని అబద్ధమాడి గిరాకీ క్యాన్సిల్ చేశాను.

21 ఏప్రిల్

మతిమరుపు జబ్బే అన్నాడు డాక్టర్. ఇంకా పెరుగుతుందట.

26 ఏప్రిల్, పొద్దున

మళ్ళీ గిరాకీ. చాటుగా నేనే బిగించొచ్చు. కానీ బాపుది ఒకటే రూల్, బిగించినోళ్ళే నడపాలె. లేకుంటే చక్రం ఊడితే తప్పు ఎవరిదో తేలదట. నేను బిగిస్తే ఆయన స్టీరింగ్ దిగాలి. ఆ స్టీరింగ్ తప్ప ఆయనకు ఇంకేముంది?

సాయంత్రం

పెళ్ళివాళ్ళందరి ముందే సుత్తి లాక్కున్నాను. బాపూ, ఉల్టా కొడ్తున్నవే అన్నాను. ఏడుపొచ్చేసింది. ఆయన నట్టును చూశాడు, తన చేతులు చూసుకున్నాడు. నేను నాలుగూ బిగించేదాకా పక్కనే నిలబడ్డాడు. తర్వాత తాళంచెవి నా చేతిలో పెట్టి, బిగించినోళ్ళే నడపాలె బిడ్డా అన్నాడు.

ఇంటికి ఒక్కడే నడిచిపోయాడు. అద్దంలో కనబడినంతసేపూ చూశాను. నా అంత పాపిష్టిది ఉండదు.

3 మే

బాపు కారు దిక్కే చూడటం లేదు.

14 జూన్

బాపును వెనక సీట్లో కూర్చోబెట్టి ఎడపల్లి దాకా తిప్పాను. చెరకు తోటల దగ్గర నా భుజం తట్టి, చక్రాలు ఎవలు బిగించిండ్రమ్మా అని అడిగాడు. నేనే అన్నాను. మంచిగ నడుపుతున్నవ్ అన్నాడు. మా మేరీ గూడ గిట్లనే నడుపుతది, నీకంటే జెర మంచిగనే. దానికి చెప్పకు అన్నాడు.

చెప్పను సార్ అన్నాను.